ప్లమ్ మొద్దు మహాసంగ్రామము

వినుడు! కొండలు సైతము పొగమంచు ముసుగుతన్ని పొద్దెక్కువరకు లేవని నవంబరు మాసమున, సెర్బియా దేశపు పశ్చిమ పర్వతసానువులయందు, ముప్పదియేడు గడపలకు నలుబదియొక్క సారాకాగులు గలిగి, గడపకొక ప్లమ్ తోటయు తోటకొక పాత తగవును గలిగి విలసిల్లు ప్లావా కోసా గ్రామమున, మిత్రోవ్‌దాన్ పర్వదినమునకు సరిగా మూడు దినములు ముందు, శనివారము ఉదయము ఏడుగంటల పది నిమిషములకు ప్రారంభమైన ఘోరసంగ్రామమును పాడబోవుచున్నాను. మా తాతలు ఇట్టివానిని ఒంటితీగ గుస్లె వాయించుచు పాడెడివారు. నాకు గుస్లె రాదు. అయినను మా వంటింటి కిటికీ తిహోమిర్ పెరటివైపునకే తెరచుకొనును గనుక చూచినదంతయు చెప్పగలను; చూడనిది ఇంకను బాగుగా చెప్పగలను.

మొదట శత్రువర్ణనము. అది ఒక ప్లమ్ చెట్టు మొద్దు. తిహోమిర్ తాత స్వహస్తములతో నాటిన ఆ చెట్టు అరువదియేండ్లు కాచి, రెండేండ్ల క్రిందట నిలువునా ఎండి, కోతకు నేలకొరిగెను. కాండము పొయ్యిలో బూడిదయ్యెను గాని, మోకాలెత్తు మొద్దు మాత్రము పెరటి నట్టనడుమ, వంటపాకకును ఇంటి గుమ్మమునకును సరిగా అడ్డముగా, పదవి పోయినను కుర్చీ వదలని పెద్దమనిషివలె తిష్ఠవేసికొని యుండెను.

దాని నేరమేమందురా? మాలో ఇంటింటికి ఒక ఇలవేల్పు పునీతుడుండును. ఆయన పండుగయే స్లావా. తిహోమిర్ ఇంటివేల్పు పునీత దిమిత్రి; ఆయన దినమే మిత్రోవ్‌దాన్. గడచిన స్లావానాడు తిహోమిర్ ధర్మపత్ని కోసానా, ఉడికించి దంచి అక్రోటుపప్పును పంచదారయు కలిపిన గోధుమ ప్రసాదమును గాజుపళ్ళెరమున గోపురముగా పేర్చి, వంటపాకనుండి ఇంటికి తెచ్చుచు, పూజారియు ముప్పదిమంది అతిథులును చూచుచుండగా, ఆ మొద్దు వేరు కాలికి తగిలి బోర్లపడెను. గోధుమలు ఆకాశమునకెగసి అవనిపై కురిసెను. పాషా యను నామధేయము గల తిహోమిర్ పుంజు పరుగున వచ్చి, పునీతునికంటె ముందుగా ఆరగించెను. ఊరు ఏడాదిపాటు నవ్వెను. నేనును నవ్వితిని, దాచనేల?

అందువలన శుక్రవారము సాయంకాలము కోసానా, పిండిచేతులు నడుమునకానించి శపథము చేసెను.

“ఇదిగో చెప్తున్నా విను. మంగళవారం పొద్దుటికి ఆ మొద్దు అక్కడే ఉంటే ఈ ఇంట్లో గోధుమ ఉడకదు, రొట్టె కాలదు. పూజారి వస్తే ఆ మొద్దునే కోసి పెట్టు. కొవ్వొత్తి కూడా దానికే గుచ్చు.”

“ఒక్క మొద్దు కోసం స్లావా మానేస్తావటే?”

“ఒక్క మొద్దు పీకలేని మొగుడికి వండి పెట్టాలటయ్యా?”

తిహోమిర్ మీసము వణికెను. యుద్ధపు రోజులలో, పిండి దొరకని ఏట గూడ ఆ ఇంట స్లావా రొట్టె తప్పలేదు. తాత నిలిపిన వెలుగు తన చేతిలో ఆరిపోవుటయా? ముప్పదేండ్లు కొండదారుల బస్సుసారథ్యము చేసి, ఒక్కసారియు లోయలో పడని ఆ మహారథి, ఆ రాత్రియంతయు దొర్లుచునే యుండెను.

ఇక ఎదుటిపక్షము. కంచెకు ఆవలి పెరటివాడు రాదిసావ్. తిహోమిర్ ఈడువాడే, ఇరువది చలికాలములు ఒకే రంపమునకు చెరొక పిడి పట్టి కట్టెలు కోసిన మిత్రుడే. తొమ్మిదేండ్ల క్రిందటి స్లావానాడు, తిహోమిర్ కాచిన రకియా, అనగా మా ప్లమ్ సారా, ఒక్క గుక్క నోట బోసికొని, పదిమంది నడుమ, “మాడు వాసనొస్తోంది. నీ చెట్టు చెడిపోయిందిరా” అని పలికెను. సారాను అన్నను సైచునేమో గాని, తాత నాటిన చెట్టునే అనెను. నాటినుండి మాటలు లేవు. రెండు పెరళ్ళ నడుమనున్న చిన్న తలుపునకు ఇటునుండి ఇతడొక తీగ, అటునుండి అతడొక తీగ బిగించిరి. స్లావాకు ఎవరినీ పిలువరాదు, వచ్చువాడు తనంత తానే రావలెను, ఇది మా ఆచారము. కావున తిహోమిర్ రమ్మని పిలువజాలడు. రాదిసావ్ తనంత తాను రాడు. ముందు మాటాడినవాడు ఓడినట్లు లెక్క. చెప్పక తప్పనిది వచ్చినచో రాదిసావ్ తన కుక్క జూచాతో చెప్పును, తిహోమిర్ తన పుంజు పాషాతో బదులిచ్చును. ఆ రెండు జీవములకు తెలియని రహస్యము మా ఊర లేదు.

శనివారము తెల్లవారెను. గొర్రెతోలు టోపీ శిరస్త్రాణముగా, గడ్డపార వామహస్తమునను, గొడ్డలి దక్షిణహస్తమునను ధరించి, తిహోమిర్ మొద్దు నెదుట నిలిచి ఇట్లు గర్జించెను:

“ఓరీ స్థాణుకులాధమా! భూగర్భదుర్గనిగూఢపాదా! మద్గృహిణీగోధూమపాత్రభంజకా! అరువదియేండ్లు మా ఎరువు తిని, మా బావినీరు త్రాగి, తుదకు మా ఇల్లాలినే పడద్రోసితివి గదరా! నేడు నీ మూలములు త్రెంచి, నిన్ను తలక్రిందులు గావించి, నీ గోతిలో ఉల్లి నాటకుంటినేని నేను తిహోమిర్‌ను గాను!”

ఇది నేను కట్టిన పాఠము. ఆయన నిజముగా అన్నది, “ఏయ్ మొద్దూ, ఇవాళ నీ పని పడతా చూడు” అని మాత్రమే. భావము మాత్రము ఇదియే.

కంచెకు ఆవల కుర్చీ కిర్రుమనెను. రాదిసావ్ కాఫీ చేతబట్టి ఆసీనుడయ్యెను.

“జూచా, చూశావా? వస్తూనే గొడ్డలెత్తాడు. ముందు చుట్టూ మన్ను తవ్వి వేళ్ళు బయటపెట్టాలని బస్సు తోలినవాడికి ఎవరు చెప్తారు?”

“పాషా, కొందరి పెరట్లో గడ్డి నడుం దాకా పెరిగిందట. నువ్వు అటెళ్తే మళ్ళీ కనపడవు, జాగ్రత్త.”

అని యనియు, తిహోమిర్ గొడ్డలి మెల్లగా పక్కన బెట్టి, పార తెచ్చి చుట్టును మన్ను తవ్వ మొదలిడెను. సలహా శత్రువుదైనను సలహాయే గదా.

గడియ గడియకు గోయి లోతయ్యెను. ఒకటొకటిగా వేళ్ళు బయల్వెడలెను. తొమ్మిది! లావైనవి, మెలికలు తిరిగినవి, రాళ్ళను కౌగిలించుకొని విడువనివి. తిహోమిర్ పరశువు లేచెను, పడెను, లేచెను, పడెను, చితుకులు నలుదిక్కుల నెగిరెను, మొదటి వేరు తెగెను, రెండవది తెగెను. మూడవదానిపై గొడ్డలి లేచినంతలో ఇంటి గుమ్మమునుండి ఒక భయంకరనాదము వినవచ్చెను.

“తిహోమిర్! చెమట పట్టిందా?”

“లేదే!”

“వీపు చూపించు. అయ్యో, నీళ్ళోడుతోంది! ఈ గాలి నడుముకు తగిలిందంటే మంగళవారానికి మంచంలో ఉంటావు. లోపలికి రా, బనీను మార్చు.”

“వేరు సగంలో ఉందే!”

“వేరు ఎక్కడికీ పోదు. నువ్వే పోతావు. రా!”

మా జాతి శత్రుసేనలకు జడియలేదు, వరదలకు జడియలేదు. చెమట పట్టిన వీపునకు తగులు గాలికి మాత్రము గడగడలాడును. వీరుడు లోనికి పోయెను, పొడి బనీనుతో వచ్చెను. తడిసిన బనీను తీగపై ఆరవేయబడి రెపరెపలాడెను.

“జూచా, తెల్లజెండా ఎగరేశారే!”

నాలుగవ వేరు తెగుసరికి రెండవ బనీను, అయిదవదానికి మూడవది తీగనెక్కెను. ఎక్కిన ప్రతిసారి రాదిసావ్ తన కుక్కకు లెక్క చెప్పుచునే యుండెను. తిహోమిర్ సహనము అడుగంటెను.

“పాషా, అవి జెండాలు కావని చెప్పు. ఉతికి ఆరేసే పెళ్ళాం ఉన్నవాళ్ళ ఇంట్లో బనీన్లని చెప్పు!”

అన్న మరుక్షణము నాలుక కరచుకొనెను. రాదిసావ్ భార్య పోయి నాలుగేండ్లయ్యెను. ఆనాడు తిహోమిర్ శ్మశానమునకు పోయి, వెనుక వరుసలో నిలిచి, ఒక్క మాట చెప్పకయే తిరిగివచ్చెను. కంచెకు ఆవల కుర్చీ చప్పుడు ఆగెను. చాలసేపు కుక్కకు గూడ ఎవరును ఏమియు చెప్పలేదు.

మధ్యాహ్నమున తిహోమిర్ మేనల్లుని ట్రాక్టరు తెచ్చి, మొద్దునకు గొలుసు బిగించి, తానే రథమెక్కెను. యంత్రము హుంకరించెను, గొలుసు బిగిసెను, మొద్దు మూలిగెను, వేళ్ళు మూడు ఫటఫట తెగెను. అంతలో గొలుసు జారెను, ట్రాక్టరు ముందునకు దుమికి, శీతకాలపు ఊరగాయకై నిలిపిన క్యాబేజీ మడిలో పడి, ఆరు క్యాబేజీలను నలిపి నిలిచెను. కోసానా గుమ్మమున నిలిచి ఏమియు అనలేదు. ఏమియు అనకపోవుటయే ఎక్కువ భయంకరము.

మొద్దు పక్కకు ఒరిగెను గాని ఊడలేదు. తొమ్మిదవ వేరొకటి మిగిలెను. అది చేయి లావున, నిటారుగా, కంచె క్రిందికి పోవుచుండెను. తిహోమిర్ గడ్డపారను దాని క్రింద గుచ్చి, దేహభారమంతయు మోపి, ఒక్క ఊపు ఊపెను.

కంచెకు ఆవల, రాదిసావ్ పెరటిలోని ప్లమ్ చెట్టు మొదలంట కదలెను. మిగిలిన పసుపుటాకులు జలజల రాలెను. వానిలో ఒకటి కాఫీలో పడెను. తిహోమిర్ మరల ఊపెను. మరల చెట్టు కదలెను. కాఫీకప్పు నేలబడి పగిలెను.

“ఆగరా తిహోమిర్!”

జూచా చెవులు నిక్కించెను. పాషా ఒంటికాలిపై నిలిచిపోయెను. నా చేతిలోని గరిటె సూపులో పడెను. తొమ్మిదేండ్ల మౌనము విరిగెను, విరిచినవాడు రాదిసావ్!

తిహోమిర్ వెనుకకు తిరిగి చూచెను, ఎందుకైనను మంచిదని పుంజువంక గూడ చూచెను.

“నన్నేనా?”

“నిన్నే. ఇంకెవర్ని? నా చెట్టు కదుల్తోంది.”

“నా వేరు ఊపితే నీ చెట్టెందుకు కదుల్తుంది?”

ఇరువురును వేరును చూచిరి. ఆ వేరు కంచె దాటి ఎక్కడికి పోవునో, ఎక్కడ పైకి లేచెనో కంటితో కొలిచిరి. ప్లమ్ వేళ్ళు దూరముగా పాకి పిలకలు వేయునని మా ఊర పాలుతాగు పిల్లకు గూడ తెలియును. ఆ చెట్టు తన తండ్రి కొండమీదనుండి తెచ్చి నాటినదని, అటువంటి జాతి జిల్లాలోనే లేదని రాదిసావ్ తొమ్మిదేండ్లుగా ప్రతి సంతలో చాటుచుండెను.

“మీ నాన్న కొండ మీంచి తెచ్చాడన్నావుగా?”

“అన్నాను.”

“వేరు మాత్రం మా తాత దగ్గర్నుంచి వస్తోందిరా.”

తిహోమిర్ గొడ్డలి నెత్తెను. ఆ క్షణమున ఆయన ముఖమున వెలిగిన విజయకాంతిని ఏమని వర్ణింతును!

“ఒక్క దెబ్బ. మొద్దు ఊడుతుంది. మా ఇంట్లో రొట్టె కాలుతుంది.”

“గొడ్డలొద్దు. దెబ్బకి వేరు చీలి, ఆ చీలిక చెట్టు మొదట్లోకి పాకుతుంది. రంపంతో కోస్తే బతుకుతుంది. దానికి సొంత వేళ్ళు కూడా ఉన్నాయి.”

“మా కొట్టంలో ఉన్న రంపం ఒక్కడు లాగేది కాదు.”

“కాదు.”

“నీకు తెలుసుగా.”

“తెలుసు.”

రమ్మని ఇతడనలేదు. వత్తునని అతడనలేదు. తిహోమిర్ గొడ్డలి దించి, రంపమునకై కొట్టమువైపు నడచుచు, దారిలోనున్న చిన్న తలుపు చెంత ఆగి, వాన వచ్చునేమో అన్నట్లు ఆకాశమును చూచుచునే, తన వైపు తీగను చేతితో విప్పి పారవేసెను. రంపముతో తిరిగి వచ్చుసరికి రెండవ తీగయు నేలమీదనుండెను. తుప్పుపట్టిన తలుపు కీచుమనుచు తెరచుకొని, రాదిసావ్ లోనికి వచ్చి, గోతిలోనికి దిగి, తన పిడి తాను పట్టుకొనెను.

తొమ్మిదేండ్ల తుప్పుతో రంపము మొదట మొరాయించెను. అటుపిమ్మట ఇరువది చలికాలముల అలవాటు చేతులకు జ్ఞప్తికి వచ్చెను.

“నొక్కకురా. లాగితే చాలు. ఎప్పుడూ నొక్కుతావు.”

“నువ్వెప్పుడూ చెప్తూనే ఉంటావు.”

వేరు సగము తెగినప్పుడు రాదిసావ్ ఆగెను. ఇక్కడ నాకు పెద్దమాటలు వద్దు. జరిగినది జరిగినట్టు చెప్తాను.

“ఆ ఏడు నువ్వు సారా కాచిన కాగు నాది” అన్నాడు రాదిసావ్.

“తెలుసు. నేనేగా అడిగి తీసుకెళ్ళాను.”

“అంతకు ముందురోజు అందులో ప్లమ్ జామ్ కాచాను. అడుగంటింది. కడక్కుండానే ఇచ్చేశాను. మీ ఇంట్లో గుక్క వేయగానే తెలిసింది, ఆ మాడు నాదేనని. ఎవరో ‘కాగు ఎవరిది?’ అని అడగబోయారు. సిగ్గేసింది. నోటికొచ్చింది అనేశాను.”

తిహోమిర్ పిడి వదిలి, ఒరిగిన మొద్దువైపు తిరిగాడు.

“నేను నమ్మానురా. చెట్టు చెడిందనే నమ్మాను. తర్వాత దాని మొదట్లో ఒక్క తట్ట ఎరువు వెయ్యలేదు. ఎండుతుంటే, పోతే పోనీ అనుకున్నా. మా తాత చెట్టురా అది.”

“చావలేదు” అన్నాడు రాదిసావ్, తల ఎత్తకుండానే. “అదిగో, కంచె అవతల నించునుంది. పళ్ళు సగం నీవి.”

“సగమేనా?”

“తొమ్మిదేళ్ళు నీళ్ళు పోసింది నేను కదరా!”

తిహోమిర్‌కు ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. ఏది ఎక్కువో తేల్చుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు.

“సరే. నీ ఇంటావిడ గురించి పొద్దున అన్నది...”

“వదిలెయ్. లాగు.”

అంతట గుమ్మమునుండి మరల ఆ భయంకరనాదము వినవచ్చెను.

“ఇద్దరికీ చెమట పట్టిందా?”

అపరాహ్ణము నాలుగుగంటల ఇరువది నిమిషములకు తొమ్మిదవ వేరు తెగెను. ఆ స్థాణురాజు గోతిలోనుండి దొర్లి, బురద మీసములతో, సూర్యకాంతిని మొదటిసారిగా తన అడుగుభాగమున చూచెను. తీగపై నాలుగవ బనీనును, అయిదవ బనీనును పక్కపక్కనే రెపరెపలాడుచుండెను. అయిదవది రాదిసావ్‌ది. తిహోమిర్ పొడి బనీనొకటి తొడుగుకొనినగాని కోసానా రాదిసావ్‌ను కదలనీయలేదు. గోతిలో మన్ను నింపి, ప్రతిజ్ఞ ప్రకారము వరుసగా ఉల్లి నాటిరి. మొద్దు అడుగున మిగిలిన వేళ్ళను సమముగా కోసి కట్టెలకుప్ప పక్కన నిలిపిరి.

మంగళవారము వచ్చెను. పూర్వము మా కొండలలోని బందిపోట్లు సైతము ఆయుధములు దించి విడిపోయెడి మిత్రోవ్‌దాన్ అది. కొవ్వొత్తి వెలిగెను, రొట్టె కాలెను, పూజారి వచ్చెను. ముప్పదిమంది అతిథులు ముప్పది కుర్చీలపై కూర్చుండిరి. పిలుపు లేని పండుగ గనుక ఎందరు వత్తురో ఎవరెరుగుదురు? అప్పుడు చిన్న తలుపు కీచుమనెను. నల్లకోటు తొడిగి, చంకలో సీసాతో, రాదిసావ్ గుమ్మమున నిలిచెను. అతిథులందరును అటు తిరిగిరి.

“కుర్చీ లేదు” అని తిహోమిర్ మెల్లగా అనెను. ముఖము ఎర్రబడెను.

“ఫర్వాలేదు, తెచ్చుకుంటా” అని రాదిసావ్ పెరటిలోనికి పోయి, కట్టెలకుప్ప పక్కనున్న మొద్దును దొర్లించుకొని వచ్చి, గుమ్మము లోపల నిలిపి, దానిపై సుఖాసీనుడయ్యెను.

సరిగా అప్పుడే వంటపాకనుండి కోసానా బయలుదేరెను. రెండు చేతుల గాజుపళ్ళెరము, పళ్ళెరమున గోధుమ గోపురము, గోపురముపై పంచదార మంచు. ఉల్లిమడి దాటెను. పెరడు దాటెను. గడపపై ఒంటికాలిపై నిలిచిన పాషాను దాటెను. గుమ్మములో కాలు మోపి, తన దారికి అడ్డముగా ఉన్నదానిని చూచెను. ముప్పదిమందియు ఊపిరి బిగబట్టిరి. పూజారి చేతి ధూపపాత్ర ఊగుట మానెను.

“ఆ మొద్దుని ఇంట్లోకి తెచ్చిందెవరు?”

“పెరట్లోంచి తియ్యమన్నావు. తీశాను” అనెను తిహోమిర్.

కోసానా మొద్దును చూచెను, మొద్దుపైనున్న మనిషిని చూచెను, అతని కోటు మెడలోనుండి తొంగిచూచుచున్న తమ ఇంటి బనీనును చూచెను. పళ్ళెరమును ఛాతీకి హత్తుకొని, కుడికాలు పైకెత్తి, రాదిసావ్ మోకాళ్ళను చుట్టి, అడుగు వెనుక అడుగు వేసి, ప్రసాదమును బల్లపై నిలిపెను. ఒక్క గింజ! ఒక్క గింజయైనను క్రింద పడలేదు!

మొదటి చెంచా రాదిసావ్‌కే ఇచ్చెను. అటుపిమ్మట రాదిసావ్ తెచ్చిన సీసా తెరచి, తిహోమిర్ ఒక చిన్న గ్లాసు నింపి, అందరును చూచుచుండగా ఒక్క గుక్క నోట బోసికొని, కన్నులు మూసికొనెను. తొమ్మిదేండ్ల క్రిందటి ఆ మాటను గుర్తుంచుకొనని వాడు ఆ గదిలో లేడు.

“చెట్టు బాగుందిరా” అనెను.

రాదిసావ్ తల యూపి, గోధుమలు నమిలెను.

వినినవారలారా! ఈ గాథ చెవినబడిన వారి కాలికి ఏడాదిపాటు ఏ మొద్దును తగులదు. తగిలినను చేతిలోని పళ్ళెరము ఒరగదు. పాషా మాత్రము సాయంకాలమువరకు గడపనంటి యుండి, ఆకలితో వెనుదిరిగెను. ఐదు బనీనులు తడిసి, ఆరు క్యాబేజీలు నలిగి, తొమ్మిది వేళ్ళు తెగిన ఆ మహాసంగ్రామ ఫలితముగా, ప్లావా కోసాలో ఒక మొద్దు తన చోటునుండి సరిగా పదకొండడుగులు జరిగి, ఇంటిలోనికి వచ్చెను. నేటికిని అది ఆ గుమ్మము లోపలనే యున్నది. రాదిసావ్ రోజూ సాయంకాలము వచ్చి దానిమీదనే కూర్చుండును; కుర్చీ ఇచ్చినను వద్దనును.